టంగుటూరు నుంచి నిమ్హాన్స్ మెదడు మ్యూజియానికి

మా నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు పొగాకు సేద్యం చేశాడు. ఇప్పుడు పొద్దున తిన్న ఇడ్లీ గంటకు గుర్తుండదు. "ఇంకా టిఫిన్ పెట్టలేదేందమ్మా" అని మా ఆవిడను అడుగుతాడు. అదే మనిషి ముందు ఉతికి ఆరిన బట్టలు వేస్తే ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నలిపి చూసి, రంగును బట్టి, మందాన్ని బట్టి వేరు చేసి మూడు మండెలు పేరుస్తాడు. "ఇది మంచి రేటు పలుకుద్ది, అది లోగ్రేడ్, పక్కన పెట్టు" అంటాడు. ఆకు గ్రేడింగ్ చేసినప్పటి చెయ్యే అది, ఏమీ మారలేదు.

ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయో నాకు అర్థం కాలేదు. హైదరాబాద్‌లో ఉండే మా అన్నయ్య అయితే అసలు నమ్మలేదు. "పొగాకు గ్రేడు గుర్తుందంట, అన్నం తిన్న సంగతి గుర్తు లేదంట. మొండితనంరా అది" అనేవాడు. ఫోన్‌లో నాన్నను గట్టిగా కోప్పడేవాడు కూడా. పెట్టేశాక నాన్న చాలాసేపు గుమ్మం దగ్గర కూర్చునేవాడు. ఎవరు తిట్టారో గుర్తుండేది కాదు, తిట్టారన్న బాధ మాత్రం ఉండేది.

ఒక ప్రైవేటు క్లినిక్‌లో వయసు మీద పడింది, అంతేనన్నారు. జ్ఞాపకశక్తికని డబ్బా పొడులు రాశారు. ఎనిమిది నెలలు వాడాం, డబ్బు పోయింది. తర్వాత ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. వాటి లోపం వల్ల మతిమరుపు వస్తే మందులతో బాగుపడే అవకాశం ఉంటుందట. అవి బాగానే ఉన్నాయి. గడియారం బొమ్మ గీసి పదీ పది చూపించమంటే నాన్న ముల్లులన్నీ ఒకే పక్క గీశాడు. ఎమ్మారై తర్వాత అల్జీమర్స్ అని చెప్పారు. జబ్బుకు పేరైతే దొరికింది. ఆ బట్టల మండెల సంగతి మాత్రం అప్పటికీ తేలలేదు.

అది తేలింది బెంగళూరులో. మానసిక జబ్బులకు, మెదడు, నరాల జబ్బులకు అక్కడున్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి నిమ్హాన్స్. నిమ్హాన్స్‌లో మనిషి మెదళ్ల మ్యూజియం ఉందని అక్కడ చదువుకుంటున్న మా మేనకోడలు చెప్పింది. శుక్రవారం రాత్రి ఒంగోలులో బస్సెక్కి, శనివారం హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌కు చేరాను. మ్యూజియంలోకి బయటివాళ్లను బుధ, శనివారాల్లోనే రానిస్తారు. టికెట్టు లేదు. ఉన్నది పెద్ద హాలేమీ కాదు, హడావుడిగా తిరిగితే పావుగంటలో అయిపోతుంది. నేను మాత్రం బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

గాజు పెట్టెల్లో, సీసాల్లో ఉన్నవి బొమ్మలు కావు, నిజం మెదళ్లు. ఒక్కో దాని పక్కన అది ఏ జబ్బుతో దెబ్బతిన్నదో రాసి ఉంది. పక్షవాతంలో రక్తం గడ్డకట్టి నల్లబడినవి ఉన్నాయి, గడ్డలు పెరిగినవి ఉన్నాయి. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళ్లి, మెదడులో తిత్తులుగా మారినవి ఉన్నాయి. ఫిట్స్ రావడానికి అదొక పెద్ద కారణం. సరిగ్గా కడగని పచ్చి కూరగాయలతో కూడా ఆ గుడ్లు లోపలికి పోతాయని విన్నాక, ఇంటికి వచ్చి కొత్తిమీర కడిగే పని నేనే పెట్టుకున్నాను. తలకు దెబ్బ తగిలిన మెదడు దగ్గర ఇద్దరు కాలేజీ పిల్లలు మాట్లాడకుండా నిలబడిపోయారు. పదహారో నంబరు హైవే పక్కన బతికే మా ఊరి కుర్రాళ్లను ఒక బస్సు నిండా ఎక్కించి అక్కడికి తీసుకెళ్లాలనిపించింది. హెల్మెట్ పెట్టుకోమని ఇక ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

వివరించిన ఆవిడ ఇంగ్లీషులో, కన్నడంలో చెప్తుంటే మేనకోడలు నా చెవిలో తెలుగు చేసింది. గ్లవ్స్ వేసుకున్నాక ఒక మెదడును చేతిలో పెట్టారు. పెద్దవాళ్ల మెదడు కిలో మూడు వందల గ్రాములు, అటూ ఇటూ. ఒంటి బరువులో రెండు శాతమే అయినా ఒంటికి అందే శక్తిలో దాదాపు ఇరవై శాతం అదే వాడుకుంటుందట. ఫార్మలిన్‌లో చెడిపోకుండా ఉంచబట్టి గట్టిగా తగిలింది, బతికున్నప్పుడు చాలా మెత్తగా ఉంటుందన్నారు. ఎవరిదో తెలియని ఆ మెదడును రెండు చేతులతో పట్టుకున్నాను, గుళ్లో ప్రసాదం పట్టుకున్నట్టు.

అల్జీమర్స్ మెదడు వేరుగా ఉంది. మామూలు మెదడు పక్కన పెట్టి చూస్తే ముడుచుకుపోయి ఉంటుంది. మడతల మధ్య సందులు వెడల్పయ్యాయి, లోపలి ఖాళీలు పెద్దవయ్యాయి. కొత్త సంగతులను దాచిపెట్టే భాగం పేరు హిప్పోకాంపస్, కణతల లోపలి వైపు ఉంటుంది. ఈ జబ్బు మొదట్లోనే దాన్ని పట్టుకుంటుంది. అందుకే పొద్దుటి ఇడ్లీ అసలు లోపలికి నమోదే కాదు, ఇక గుర్తు రావడానికేముంది. ఏళ్ల తరబడి చేసి చేసి చేతికి అలవాటైన పనులను చిన్న మెదడు, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా నడిపిస్తాయి. అక్కడికి జబ్బు ఆలస్యంగా చేరుతుంది. నాన్న ఆకు గ్రేడింగ్ ఉన్నది అక్కడ. మేనకోడలు ఇది తెలుగులో చెప్పడం పూర్తయ్యేసరికి నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. నాన్నది మొండితనం కాదు. ఆ ముడుచుకుపోయిన ముక్కను కళ్లతో చూశాక ఇక ఎవరూ ఆ మాట అనలేరు.

అక్కడే తెలిసిన ఇంకో సంగతి, ఈ మెదళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది. నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు నడుస్తోంది. మనిషి పోయాక ఇంటివాళ్లు ఒప్పుకుంటే, కొద్ది గంటల్లో మెదడును తీసి భద్రపరిచి పరిశోధకులకు ఇస్తారు. అల్జీమర్స్‌లో కణాల మధ్య పేరుకునే ముద్దలు, కణాల లోపల పడే చిక్కుల గురించి (ఇవి అమిలాయిడ్, టౌ అనే ప్రోటీన్లని చాలా తర్వాత తేలింది) 1906లో డాక్టర్ అలోయిస్ అల్జీమర్ చెప్పిన మాట కూడా చనిపోయిన ఒక మనిషి మెదడును సూక్ష్మదర్శినిలో చూసి చెప్పిందే. నాన్న తరఫున నిర్ణయం తీసుకునే ధైర్యం నాకు లేదు. నా సంగతి మాత్రం మా ఆవిడకు చెప్పేశాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు సరేనంది.

బెంగళూరులోనే భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో మెదడు పరిశోధన కేంద్రం ఉంది. వాళ్లు కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో నలభై ఐదు దాటిన రైతుల్ని, కూలీల్ని ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. లక్ష్యం 10 వేల మంది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, మనలాంటి ఎండల్లో మనలాంటి పొలం పనులు చేసేవాళ్లే. అట్లాంటి పరిశీలన మన పొగాకు ఊళ్లలోనూ జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం డిమెన్షియాలో, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటిలో, దాదాపు 45 శాతాన్ని ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు. వాళ్లు చెప్పిన పద్నాలుగు కారణాల్లో బీపీ, షుగర్, పట్టించుకోని చెవుడు, పొగ తాగడం ఉన్నాయి. నాన్న యాభై ఏళ్లు చుట్ట కాల్చాడు. చెవుడు వచ్చి పదేళ్లయింది, మిషన్ కొనిచ్చింది ఈ ఏడాదే.

వెళ్లలేనివాళ్ల కోసం ఒక మాట. 14416, టెలి మానస్, మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఇరవై నాలుగు గంటలూ, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. నాన్న రాత్రంతా తలుపు తీయబోతుంటే నిద్రలేక మా ఆవిడకు బాగా టెన్షన్ పెరిగిపోయి ఒకసారి చేసింది. అవతలి అమ్మాయి నాన్న గురించి తర్వాత అడిగింది, ముందు "మీరు ఎన్ని గంటలు పడుకుంటున్నారమ్మా" అని అడిగింది. మా ఇంట్లో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు, నాతో సహా. ఫోన్‌లో జబ్బు నిర్ధారణ జరగదు, దానికి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఇక డిమెన్షియా రోగుల కుటుంబాల కోసమే 1992లో కేరళలో పుట్టిన సంఘం ఒకటుంది, ఏఆర్‌డీఎస్‌ఐ అంటారు. హైదరాబాద్‌లో వాళ్ల శాఖ ఉంది.

మ్యూజియానికి వెళ్లాలనుకుంటే ముందు రోజు ఫోన్ చేసి సమయం కనుక్కోండి, ఇంగ్లీషో కన్నడమో వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. మరీ చిన్నపిల్లలు వద్దు, హైస్కూలు పిల్లలైతే తప్పకుండా చూడాలి. జబ్బుమనిషిని తీసుకెళ్లకండి. ఆయన్ను చూసుకునేవాళ్లూ, ఆయన మీద కోప్పడేవాళ్లూ వెళ్లాలి.

ఇప్పుడు నాన్నకు రోజూ పెరట్లో రాలిన బాదం ఆకులు బుట్టెడు తెచ్చి ఇస్తున్నాను. పసుపువి ఒకచోట, ఎర్రవి ఒకచోట, మచ్చలున్నవి ఇంకోచోట పెడతాడు. "ఈ ఏడు ఏలం ఎట్లా ఉందిరా?" అని అడుగుతాడు. బాగుంది నాన్నా అంటాను. అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు. పండుగ అయ్యాక వచ్చే శుక్రవారం రాత్రి బస్సుకు ఇద్దరికీ టికెట్లు తీశాను.