కెఫీన్, ఆంఫెటమిన్: ఎలుకలపై ప్రయోగానికి ఏది మేలు?

కాఫీలో ఉండే కెఫీన్, ఆంఫెటమిన్ అనే మందు వంటి ఉత్తేజకాలను (మెదడును చురుకుపరిచే పదార్థాలను) ఎలుకల్లో పోల్చేటప్పుడు మొదట చేసేది కదలికలను లెక్కపెట్టడం. బీఫార్మసీ విద్యార్థులు ఎరిగిన యాక్టోఫొటోమీటర్‌లో ఎలుక కాంతికిరణానికి అడ్డు వచ్చిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. తక్కువ మోతాదులో కెఫీన్, ఆంఫెటమిన్ రెండూ ఆ అంకెను పెంచుతాయి కాబట్టి, మీటరును మాత్రమే చూసేవారికి రెండూ ఒకే కోవకు చెందినవిగా తోస్తాయి.

మోతాదు పెంచినప్పుడు అసలు తేడా బయటపడుతుంది. కిలో బరువుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఆంఫెటమిన్ ఇస్తే ఎలుక పెట్టె అంతా కలయదిరుగుతుంది. 5 మిల్లీగ్రాములు దాటితే అదే ఎలుక ఒక మూలకు చేరి, తల ఊపుతూ, నేలను ఎడతెరిపి లేకుండా వాసన చూస్తూ, నాకుతూ, దొరికినదాన్ని కొరుకుతూ అక్కడే ఉండిపోతుంది. మీటరులో అంకె పడిపోతుంది గానీ ఎలుక శాంతించినట్టు కాదు. కెఫీన్ కూడా 10 నుంచి 30 మిల్లీగ్రాముల వరకు తిరుగుడును పెంచి, 100 దగ్గర తగ్గిస్తుంది. అయితే ఆ తగ్గుదల వెనుక ఇంత తీవ్రమైన నాకుడు, కొరుకుడు ఉండవు. రెండు మందుల్లోనూ అంకె తగ్గినా, కారణాలు వేరు.

ఎందుకంటే ఆంఫెటమిన్ నాడీకణాల నుంచి డోపమిన్‌ను (కదలికకు, ఉత్సాహానికి తోడ్పడే మెదడు రసాయనాన్ని) బయటకు తోస్తుంది, కెఫీన్ మాత్రం నిద్రమత్తు కలిగించే అడినోసిన్ అనే రసాయనం అతుక్కునే గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఏ2ఏ అనే అడినోసిన్ గ్రాహకం లేకుండా పుట్టించిన చిట్టెలుకల్లో కెఫీన్ కదలికలను పెంచకపోగా తగ్గించిందని 1997లో తేలింది. పదేపదే ఇచ్చినప్పుడు కూడా దారులు వేరవుతాయి: విడతలు విడతలుగా ఇచ్చే ఆంఫెటమిన్‌కు ఎలుక స్పందన పెరుగుతూ పోతుంది, రోజూ తాగే కెఫీన్‌కు మొద్దుబారుతుంది. మీట నొక్కి తనంతట తానే మందు ఎక్కించుకునే ప్రయోగాల్లో ఆంఫెటమిన్‌కు ఎలుకలు తేలిగ్గా అలవాటు పడతాయి. కెఫీన్ విషయంలో ఫలితాలు నిలకడగా ఉండవు.

కాబట్టి డోపమిన్ గురించి, వ్యసనం గురించి అడిగే ప్రశ్నకు ఆంఫెటమినే తగినది. మెలకువ ఒక్కటే ప్రశ్నయితే మెలకువగా ఉంచే మందు మొడాఫినిల్‌ను చేర్చుకోవడం మంచిది, ఎందుకంటే ఆంఫెటమిన్ ప్రభావం దిగాక ముంచుకొచ్చే అదనపు నిద్ర దానితో అంతగా కనిపించదు. విద్యార్థులకు చూపడానికి కెఫీన్ చాలు. ఆ పాఠాన్ని కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో చెప్పగలిగితే ఎలుకను వాడకపోవడమే న్యాయమని నా గట్టి అభిప్రాయం. జంతువును వాడక తప్పని చోట మాత్రం ఒక్క మోతాదుతో సరిపెట్టకుండా, మీటరుతో పాటు వీడియో తీసి, ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చారో తెలియని వ్యక్తి చేత దాని నడవడికను నమోదు చేయించాలి.