సలామిస్ జలసంధా, కొరింత్ భూసంధా: ఏది మేలు?

క్రీ.పూ. 480 సెప్టెంబరు. థర్మోపిలే కనుమ దగ్గర పర్షియావాళ్లను అడ్డుకుంటూ స్పార్టా రాజు లియోనిదాస్ చనిపోయాడు. పర్షియా చక్రవర్తి జెర్క్సెస్ ఏథెన్స్‌లోకి వచ్చి అక్రోపోలిస్‌ను తగలబెట్టాడు. ఊరు ఖాళీ చేసిన జనం సలామిస్, ఈజినా దీవుల్లో, ట్రోజెన్ అనే ఊళ్లో తలదాచుకున్నారు. సలామిస్ ఒడ్డున లంగరేసిన గ్రీకు నౌకాదళంలో నాయకుల మధ్య ఒకటే గొడవ: ఈ ఇరుకు నీళ్లలోనే తాడోపేడో తేల్చుకోవాలా, వెనక్కి తగ్గి కొరింత్ భూసంధి దగ్గర పోరాడాలా?

ఈ కథను చాలామంది ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ తెలివికీ మిగతావాళ్ల పిరికితనానికీ మధ్య పోటీలా చెబుతారు. అది అన్యాయం. భూసంధి పక్షం వాదనలోనూ పస ఉంది.

ఆ భూసంధి వెడల్పు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. దాన్ని మూసేస్తే నేల మీద నుంచి పెలోపనీస్‌లోకి, అంటే స్పార్టా ఉన్న దక్షిణ గ్రీసులోకి, దారి ఉండదు. లియోనిదాస్ తమ్ముడు క్లియోంబ్రోటస్ ఆధ్వర్యంలో వేలమంది రాళ్లు, ఇటుకలు, దుంగలు, ఇసుక బుట్టలు మోస్తూ రాత్రీపగలూ గోడ కడుతున్నారు. అక్కడ ఓడిపోయినా, ఈది ఒడ్డు చేరినవాడు సొంతవాళ్ల మధ్యకే చేరతాడు. సలామిస్‌లో ఓడితే దీవిలో చిక్కుకుపోవడమే. అప్పటికే కాలిపోయిన వేరేవాళ్ల ఊరి కోసం మేమెందుకు అంత రిస్క్ తీసుకోవాలని స్పార్టావాడో కొరింత్‌వాడో అడిగితే తప్పేముంది?

చిక్కల్లా ఏమిటంటే, గోడ నేలను ఆపుతుంది, సముద్రాన్ని ఆపదు. స్పార్టా గద్దె పోగొట్టుకుని జెర్క్సెస్ పంచన చేరిన డెమరాటస్ థర్మోపిలే అయిన వెంటనే ఈ మాటే చెప్పాడని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. 300 ఓడల్ని స్పార్టాకు దక్షిణాన ఉన్న కైథెరా దీవికి పంపితే చాలు, స్పార్టావాళ్లు సొంత ఇల్లు కాపాడుకోడానికి పరిగెత్తుతారు, భూసంధి దానంతట అదే చేతికొస్తుంది అని. దళాన్ని చీల్చకూడదని చక్రవర్తి తమ్ముడు అడ్డుపడ్డాడు కాబట్టి సరిపోయింది. అంటే గోడ నిలవాలంటే ఓడలుండాలి. హెరోడోటస్ లెక్క ప్రకారం సలామిస్‌లో ఉన్న 378 యుద్ధనౌకల్లో 180 ఏథెన్స్‌వే. అవి వెళ్లిపోతే గోడ ఎంత ఎత్తు కట్టినా ఒకటే.

ఇక ఇరుకు నీళ్ల సంగతి. ఆనాటి యుద్ధనౌకలో 170 మంది మూడు వరసల్లో తెడ్లు వేస్తారు. ముందున్న కంచు ముక్కుతో శత్రువు ఓడను పక్క నుంచి పొడవడమే అసలు పని. దానికి ఓడ తిరగాలి, వెనక్కి జరగాలి, మళ్లీ ఊపందుకోవాలి. బయటి సముద్రంలో ఎక్కువ ఓడలున్నవాడు చుట్టుముట్టి గెలుస్తాడు. ఇరుకులో మాత్రం ముందు వరస వెనక్కి తిరగబోతే వెనక వరస వచ్చి గుద్దుకుంటుంది. మన ఓడలు తక్కువ, పైగా బరువు, భూసంధి దగ్గర విశాలమైన నీళ్లలో మునిగిపోతామని థెమిస్టోక్లీస్ సభలో వాదించింది అందుకే.

అయితే నాకు ఇంతకంటే బలంగా అనిపించే కారణం అతను సభలో చెప్పనిది. సలామిస్ వదిలితే ఇక ఎవరికి వారే యమునా తీరే, ఏ ఊరి ఓడలు ఆ ఊరికి పోతాయని మ్నెసిఫిలస్ అనే ఏథెన్స్ మనిషి ముందే అతని చెవిన వేశాడు. మిత్రుల ముఖం మీదే మీరు పారిపోతారని అంటే బాగుండదు కదా, అందుకని ఆ మాట మింగేసి నీళ్ల లోతు, వెడల్పు గురించి మాట్లాడాడు. ఊరే లేనివాడికి మాటెందుకని కొరింత్ సేనాని అడీమాంటస్ ఎత్తిపొడిస్తే మాత్రం, 200 ఓడలున్నంతకాలం మా ఊరు మీ ఊరికన్నా పెద్దదే, కాదంటే కుటుంబాలతో సహా ఇటలీకి పోతామని బెదిరించాడు. నౌకాదళాధిపతి యూరీబియాడీస్ దారికొచ్చింది ఆ బెదిరింపుకే.

అవతలి ఒడ్డున ఇదే లెక్క వేసిన మనిషి ఒకరున్నారు: హాలికర్నాసస్ రాణి ఆర్టెమీసియా. జెర్క్సెస్ వైపు ఓడలు నడిపిన ఆవిడ, తొందరపడొద్దంది. దీవిలో వాళ్లకు తిండి లేదు, కాస్త ఆగితే వాళ్లే చెదిరిపోతారంది. చక్రవర్తి ఆవిడను మెచ్చుకుని, ఎక్కువమంది చెప్పినట్టే చేశాడు. చలికాలం దగ్గరపడుతోంది, అంత సైన్యాన్ని మేపాలి, పైగా గ్రీకులు పారిపోతున్నారని థెమిస్టోక్లీస్ తన సేవకుడు సికినస్ చేత కబురు పంపాడు. ఆ కబురు కథను నమ్మని చరిత్రకారులూ ఉన్నారు. కబురు సంగతి ఎలా ఉన్నా, పర్షియా ఓడలు జలసంధిలోకి వచ్చి ఒకదానికొకటి అడ్డుపడ్డాయి, గ్రీకులు గెలిచారు, చక్రవర్తి ఒడ్డున కూర్చుని అంతా చూశాడు.

కాబట్టి గ్రీకులకు సలామిసే మేలు. జెర్క్సెస్‌కు మాత్రం ఆగడమే మేలయ్యేది. ఈ రెండూ ఒకే కారణం మీద నడుస్తాయి: గ్రీకుల కూటమి ఎంతోకాలం కలిసి ఉండే రకం కాదు.

అలాగని సలామిస్‌తో అంతా అయిపోలేదు. జెర్క్సెస్ వెనక్కి వెళ్తూ తన సేనాని మార్డోనియస్ దగ్గర పెద్ద సైన్యాన్ని వదిలాడు. అందులో సింధు ప్రాంతం నుంచి వెళ్లిన భారతీయులు కూడా ఉన్నారు. 479లో మార్డోనియస్ మళ్లీ ఏథెన్స్‌ను ఆక్రమిస్తే, స్పార్టా పెద్దలు ఏథెన్స్ రాయబారుల్ని రేపు రేపంటూ పది రోజులు తిప్పారు. అప్పటికి గోడ దాదాపు పూర్తయింది మరి. చివరికి పెలోపనీస్‌లోనే ఉన్న టెగియా అనే ఊరి నుంచి వచ్చిన కిలియస్ అనే పెద్దమనిషి, ఏథెన్స్ శత్రువుతో కలిస్తే మీ గోడ ఎంత గట్టిదైనా పెలోపనీస్‌లోకి తలుపులు బార్లా తెరిచి ఉన్నట్టేనని చెప్పాడు. ఆ రాత్రే 5,000 మంది స్పార్టా యోధులు గోడ దాటి, మార్డోనియస్‌తో తుది పోరు జరిగిన ప్లటాయియా వైపు కదిలారు. వాళ్లను నడిపింది గోడ కట్టించిన క్లియోంబ్రోటస్ కొడుకు పౌసనియాస్. ఈ సంగతి తెలియని ఏథెన్స్ రాయబారులు మర్నాడు పొద్దున్నే పోట్లాడటానికి సభకు వచ్చారు.