వాక్యం మధ్యలోనే సూత్రం: నాలుగేళ్లు వాడాక నా మాట

ఇంటర్ సెకండియర్ తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెబుతాను. నాలుగేళ్లుగా నా నోట్సంతా అబ్సిడియన్ అనే నోట్సు యాప్‌లోనే, సూత్రాలన్నీ లేటెక్‌లో, అంటే గణిత సూత్రాలను ఆదేశాలుగా టైపు చేసే పద్ధతిలో.

అంతకు ముందు వాడిన యాప్‌లో సూత్రం కావాలంటే మెనూలోకి వెళ్లి పెట్టె తెచ్చుకోవాలి. ఆ పెట్టె వేరే లైన్‌లో పడేది. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఇది సర్దుకుపోయే విషయమేమో. మనకు కాదు. తెలుగులో సూత్రానికి విభక్తి అంటుకుంటుంది: తీటాకు బదులు, ఎక్స్ దృష్ట్యా, ఈ సమాసాన్ని. సూత్రం ఒక లైన్‌లో, 'ను' కింది లైన్‌లో పడితే పిల్లలు చదువుతూ చదువుతూ ఆగిపోయేవారు.

ఇప్పుడు సూత్రానికి అటూ ఇటూ ఒక్కో $ పెడతాను, రెండో $ పక్కనే 'కు' రాసేస్తాను. కర్సర్ పక్కకు జరగగానే సూత్రం అచ్చులో ఉన్నట్టు కనిపిస్తుంది. మళ్లీ దాని మీదికి వెళ్తే కోడ్ కనిపిస్తుంది, దిద్దుకోవచ్చు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1978లో లేటెక్‌కు మూలమైన టెక్ తెచ్చినప్పటి నుంచీ గణితానికి ఈ డాలర్ గుర్తే. నోషన్ అనే మరో నోట్సు యాప్‌లో అయితే లైన్ మధ్యలో కూడా రెండేసి డాలర్లు పెట్టాలి. వర్డ్‌లో ఆల్ట్‌తో పాటు ఈక్వల్ కీ నొక్కాలి.

ఒక విషయం మాత్రం ముందే తెలుసుకోవాలి. లైన్ ఎత్తు పెరగకూడదని టెక్ పద్ధతిలో వాక్యం మధ్య వచ్చే భిన్నాలు చిన్నవవుతాయి, సమాకలని గుర్తు పొట్టిదవుతుంది, సిగ్మాకు పైనా కిందా ఉండాల్సినవి పక్కకు జరుగుతాయి. బోర్డు మీద నేను సిగ్మా పైన రాసింది నోట్సులో పక్కన కనిపించేసరికి ఒకమ్మాయి "సార్, ఇది ఘాతమా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. అప్పటి నుంచి సిగ్మా ముందు, దాన్ని పూర్తి సైజులో చూపించే డిస్‌ప్లేస్టైల్ ఆదేశం పెడుతున్నాను. భిన్నంలో మళ్లీ భిన్నం వచ్చినా, నిర్ధారకం వచ్చినా రెండేసి డాలర్లు పెట్టి విడి లైన్‌లోకి దించేస్తాను.

అసలు కష్టం కీబోర్డు. నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్, అంటే తెలుగు అక్షరాలు నేరుగా కీల మీదే ఉండే కీబోర్డు. అందులో రోమన్ అక్షరాలు లేవు. కాబట్టి ప్రతి సూత్రానికీ విండోస్ కీ, స్పేస్ కొట్టి ఇంగ్లీషుకు వెళ్లాలి, మళ్లీ తెలుగుకు రావాలి. డిమువర్ సిద్ధాంతం చెప్పే ఒక్క వాక్యంలో నాలుగు సూత్రాలుంటే ఎనిమిది మార్పులు. మొదటి నెల నిజంగా విసిగిపోయాను. చివరికి దొరికిన దారి ఇది: పేరా మొత్తం తెలుగులో రాసేసి, సూత్రం రావాల్సిన చోట రెండు చుక్కలు పెడతాను. ఆ తర్వాత ఒక్కసారే ఇంగ్లీషుకు మారి చుక్కలున్న చోటల్లా నింపుకుంటూ వస్తాను. అబ్సిడియన్‌లో లేటెక్ సూట్ అనే ప్లగిన్ (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) వేసుకున్నాక ఈ పని ఇంకా తేలికైంది. ఎం, కె అక్షరాలు కొడితే డాలర్లు రెండూ పడి కర్సర్ మధ్యలో నిలబడుతుంది.

రాసిందంతా మామూలు టెక్స్టే కాబట్టి వెతికితే సూత్రాలు కూడా దొరుకుతాయి. దీనికి మాత్రం నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆదేశాల పట్టిక ముందేసుకుని బట్టీ పట్టకండి. భిన్నానికి ఫ్రాక్, వర్గమూలానికి ఎస్‌క్యూఆర్‌టీ, సమాకలనికి ఇంట్, సిగ్మాకు సమ్, ఇక తీటా. ఈ ఐదూ చేతికి అలవాటైతే సమాకలనం చాప్టర్ మొదలుపెట్టేయవచ్చు.