పోకర్: తొమ్మిది మంది టేబులా, ముగ్గురి ముందు పెద్ద కుప్పలా?

పోకర్ రూల్స్ నేర్చుకున్నాక ఆట ఎదగాలంటే నిండు టేబుల్ మేలా, ఇద్దరు ముగ్గురితో పెద్ద స్టాక్ (పందేనికి ముందుంచుకునే కుప్ప) పెట్టుకోవడం మేలా అని చాలామంది అడుగుతున్నారు. మా విజయనగరం ఇంట్లో రెండూ ఒకే వారంలో తగిలాయి. సిరిమాను చూడ్డానికి చుట్టాలు దిగిన రాత్రి తొమ్మిది మందిమి. వాళ్లు వెళ్లాక నేను, బావ, తమ్ముడు. డబ్బుల్లేవు, చింతపిక్కలే.

తొమ్మిది మందిలో ఓపిక వస్తుంది, కాదనను. చేతికొచ్చిన రెండు ముక్కలూ ఆసులై చివరిదాకా వెళ్తే, ఎదుట ఒక్కడే ఉన్నప్పుడు నూటికి 85 సార్లు గెలుపు మీదే. ఎనిమిది మందీ నిలబడితే అది 35 దగ్గరికి పడిపోతుంది. అందుకే మంచివి వచ్చేదాకా ముక్కలు పారేస్తూ కూర్చోవాలి. మా పిన్ని చేగోడీలు తింటూ అలాగే కూర్చుని, ఎక్కువ పిక్కలు పోగేసింది.

ముగ్గురిలో ఆ వేషం సాగదు. మూడు ఆటల్లో రెండింటికి బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే వేసి తీరాల్సిన పందెం, మీ నెత్తినే. మామూలు ముక్కలతోనూ దిగాలి. నా దృష్టిలో మాత్రం మనుషుల లెక్క కన్నా ముందున్న కుప్పే ముఖ్యం. పెద్ద బ్లైండ్‌కి 20 రెట్లే ఉంటే చాలా ఆటలు ఫ్లాప్ (టేబుల్ మీద అందరికీ తెరిచే మొదటి మూడు ముక్కలు) రాకముందే తేలిపోతాయి. 200 రెట్లు ఉంటే చివరి ముక్క దాకా బుర్ర పెట్టాలి.

మేం బ్లైండ్లు 1, 2 పెట్టి తలా 400 పిక్కలతో మొదలెట్టాం. నాకు ఆసు, రాణి. ఫ్లాప్‌లో ఆసు, ఏడు, నాలుగు. ముగ్గురిలో అది కొండంత చెయ్యి! వేస్తూ పోయాను, బావ కాల్ చేస్తూ, అంటే నేను వేసినంతే వేస్తూ వచ్చాడు. చివరి ముక్కకి నేను యాభై వేస్తే, కుప్ప మొత్తం తోసేశాడు. నేనూ తోశాను. ఆయన చేతిలో జత నాలుగులు, ఫ్లాప్‌లో దానితో కలిపి మూడు. నాది ఆసుల జతే.

"ఏటి బావా, ఒక్క జతకే నాలుగొందలూ ఇచ్చీసినావేటి?" అన్నాడు బావ నాతో.

ముందు నలభై పిక్కలే ఉంటే నేను చేసింది తప్పు కాదు. మనుషులు తగ్గితే ఒక్క జత విలువ పెరుగుతుంది, కుప్ప పెరిగితే తగ్గుతుంది. ఆ రెండు వైపుల లాగుడు తెలిసేది ముగ్గురి ముందు పెద్ద కుప్పలున్నప్పుడే.

ఒక్కటి చూసుకోండి. మీ ముందు 800 ఉన్నా ఎదుటివాడి దగ్గర 40 ఉంటే ఆ ఆట నలభైదే. అందుకే ఆట ఆటకీ తక్కువైనవాళ్లకి 400 దాకా నింపేస్తున్నాం.

ఫోన్‌లో కంప్యూటర్‌తో ఆడటం చేతుల ర్యాంకులు, అంటే ఏ ముక్కల కలయిక దేనికన్నా పెద్దదో, గుర్తుండటానికి చాలు. డబ్బు పెట్టి ఆన్‌లైన్ అంటారా, 2025 కేంద్ర చట్టంతో ఆ తలుపు మూసుకుపోయింది.

మళ్లీ అదే ఆసు రాణి వస్తే యాభై వేస్తానేమో గానీ, బావ మొత్తం తోస్తే పారేస్తాను.