అరవై మూడు సర్టిఫికెట్లు, నాలుగు పాఠాలు

మొన్న ఇల్లు సర్దుతుంటే నా సర్టిఫికెట్ల ఫైలు బయటపడింది. 2014 ఆగస్టు నుంచి కాలేజీలో నేను హాజరైన వర్క్‌షాపులవి. కింద కూర్చుని లెక్కపెడితే 63. వాటిలో నా క్లాసులో ఏదైనా మార్పు తెచ్చినవాటిని పక్కన పెడితే నాలుగు తేలాయి. "అరవై మూడింటికి నాలుగా? నీ స్టూడెంట్ ఇలా తెచ్చుకుంటే ఊరుకుంటావా?" అన్నారు మా ఆయన. ఊరుకోను. కానీ ఆ నాలుగూ లేకపోతే గుంటూరులో ఇంటర్ పిల్లలకు చెప్పినట్టే ఇక్కడా చెప్పుకుంటూ పోయేదాన్ని.

నేను కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పార్ట్ టైమ్‌గా స్టాటిస్టిక్స్ చెప్తాను. రాష్ట్రంలో ఇలాంటి ప్రభుత్వ కాలేజీలు 116 ఉన్నాయి. తక్కువ ఫీజుతో రెండేళ్లు చదువుకుని యూనివర్సిటీకి మారిపోవచ్చు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కనే, రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్లతో వచ్చిన నలభై ఏళ్ల తల్లి కూర్చుంటుంది. ఇక్కడ లెక్కలు చెప్పడానికి ఆ సబ్జెక్టులో పీజీ ఉంటే చాలు, బీఈడీ లాంటిదేమీ అడగరు. సబ్జెక్టు వచ్చు కాబట్టి చెప్పడమూ వచ్చేస్తుందన్న ధీమాతో క్లాసులోకి పంపేస్తారు. ఆ లోటు పూడ్చాల్సిన బాధ్యత ఈ వర్క్‌షాపులదే.

ఏడాదిలో 15 రోజుల వరకు క్లాసులు ఆపి, ఆ సమయాన్ని సిబ్బంది శిక్షణకు వాడుకోవచ్చని రాష్ట్ర నిబంధన. ఎన్ని రోజులు వాడుకోవాలో కాలేజీ చూసుకుంటుంది. వాటినే ఫ్లెక్స్ డేలు అంటారు. నా మొదటి ఫ్లెక్స్ డేలో అందర్నీ రౌండు బల్లల చుట్టూ కూర్చోబెట్టి, "మీ గురించి రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పండి, ఏది అబద్ధమో మిగతావాళ్లు కనుక్కుంటారు" అన్నారు. నాకేమీ తోచక "మా ఇంట్లో గేదె ఉండేది" అన్నాను. బల్ల మొత్తం అదే అబద్ధమని తేల్చింది. ఆ రోజు నేర్చుకున్నది ఇంకేదైనా ఉందా అంటే గుర్తు లేదు.

కాలక్షేపం ఫర్వాలేదు, ఒక పూటతో పోతుంది. తప్పు నేర్పే వర్క్‌షాపే ప్రమాదం. ఒక ఏడాది బయటి నుంచి కన్సల్టెంటును పిలిపించారు. ఆయన మా చేత ప్రశ్నాపత్రం నింపించి, మీరు చూసి నేర్చుకునే రకం, మీరు విని నేర్చుకునే రకం అని ముద్రలు వేశాడు. పిల్లల్నీ అలాగే విడదీసి పాఠం చెప్పమన్నాడు. ఆ పని చేస్తే చదువు మెరుగుపడుతుందనడానికి సరైన ఆధారాలు లేవని హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే తేల్చి చెప్పారు. నాకది తెలిసేలోపు ఒక సెమిస్టర్ అంతా రంగుల చార్టులు గీస్తూ గడిపేశాను. చార్టులు మాత్రం బాగా కుదిరాయి.

ఇక ఏటేటా కంప్యూటర్ ముందు "నెక్స్ట్, నెక్స్ట్" అంటూ నొక్కే తప్పనిసరి శిక్షణలు. తద్దినంలా ముగించేస్తాం. వాటిలోనూ ఒకటి మాత్రం లివర్‌మోర్ గుడిలో నన్ను ఆదుకుంది. హైస్కూల్లో ఉండగానే మా కాలేజీలో క్లాసులు తీసుకునే తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. ప్రసాదం లైన్లో ఒక పెద్దాయన, "అమ్మాయ్, మావాడు నీ క్లాసులోనేగా, మార్కులెలా వస్తున్నాయి?" అన్నారు. ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. దాని ప్రకారం, పిల్లాడి వయసెంతైనా సరే, కాలేజీలో చేరితే ఆ కాలేజీ రికార్డుల మీద హక్కు వాడిదే. "వాణ్ణే అడగండి బాబాయ్‌గారూ" అని పులిహోర తీసుకుని పక్కకు వచ్చేశాను. ఆయన ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటారు.

ఇప్పుడు ఆ నాలుగు. మొదటిది అసలు వర్క్‌షాపు అనిపించుకునేది కూడా కాదు. అంతకుముందు మా దగ్గర చేరినవాళ్లకు ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టేవాళ్లు. అందులో తప్పితే పాత లెక్కలే మళ్లీ రెండు మూడు సెమిస్టర్లు చదవాలి. ఆ మెట్ల మీదే చాలామంది ఆగిపోయేవాళ్లు. 2017లో ఎ.బి. 705 అనే చట్టం చేసి, హైస్కూలు గ్రేడ్లు చూసి నేరుగా యూనివర్సిటీ స్థాయి క్లాసులో కూర్చోబెట్టమన్నారు. 2019 ఫాల్ సెమిస్టర్ నుంచి అమల్లోకి వచ్చింది. మాకందరికీ ఒకటే టెన్షన్. భిన్నాలు కూడటం రాని పిల్లలకు స్టాటిస్టిక్స్ ఎలా చెప్తాం? అప్పుడు ఆరుగురం నెలకోసారి కలవడం మొదలుపెట్టాం. నియమం ఒక్కటే, తలా మూడు స్టూడెంట్ల పేపర్లు తేవాలి. పేర్లు కొట్టేసి.

రెండో నెలలో నేను తెచ్చిన పేపర్లో ఒకమ్మాయి, "పీ-వాల్యూ 0.03 కాబట్టి నల్ హైపాథసిస్ నిజమయ్యే అవకాశం 3 శాతం" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో పెద్ద ఇంటూ కొట్టి ఉన్నాను. పీ-వాల్యూ అసలు అర్థం వేరు: నల్ హైపాథసిస్ చెప్పినట్టు తేడా ఏమీ లేదనే అనుకుంటే, ఇలాంటి ఫలితమో ఇంతకంటే విడ్డూరమైన ఫలితమో కాకతాళీయంగా వచ్చే అవకాశం 3 శాతం. నా ఎదురుగా కూర్చున్న ఆవిడ, "ఈ వాక్యం ఈ పిల్లకు ఎక్కడ దొరికిందంటావు?" అని మెల్లగా అడిగింది. ఇంటికెళ్లి నా నోట్సు తిరగేశాను. నాలుగో పేజీలో, నా చేత్తో, అక్షరం పొల్లుపోకుండా ఉంది. తొందరలో తేలిక చేసి చెప్దామని రాసుకున్నది. మర్నాడు క్లాసులో తప్పు నాదని చెప్పి ఆ పిల్లకు మార్కులు కలిపాను. గుంటూరులో అయితే చచ్చినా ఆ మాట అనేదాన్ని కాదు. ఏళ్ల తరబడి విన్న ఉపన్యాసాలేవీ చేయని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. మళ్లీ నెలలో వెళ్లి, ఏం మార్చావో చెప్పాలి కాబట్టి మార్చక తప్పేది కాదు. ఒక్కసారి పెట్టి వదిలేసే వర్క్‌షాపుల్లో ఈ భయం ఉండదు.

రెండోది 2020లో, క్లాసులన్నీ రాత్రికి రాత్రి ఆన్‌లైన్‌కు మారినప్పుడు. రెండు గంటల సెషన్. నేర్పినావిడ స్లైడ్లు చూపించలేదు. మేము పాఠాలు పెట్టే క్యాన్వాస్ వెబ్‌సైటులో మా పేజీనే తెరిచి, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌తో చదివించింది. నేను సూత్రాలన్నీ ఫొటోలు తీసి పెట్టేదాన్ని. అది "గ్రాఫిక్... గ్రాఫిక్... గ్రాఫిక్" అంటూ పోయింది. పది నిమిషాల పాఠంలో ఒక్క సూత్రం వినపడలేదు. ఆ వేసవంతా కూర్చుని ప్రతి సూత్రాన్నీ ఈక్వేషన్ ఎడిటర్‌లో మళ్లీ టైపు చేశాను.

మూడోది చాట్ జీపీటీ వచ్చాక. మొదట పెట్టిన ఒకట్రెండు సెషన్లు భయపెట్టడానికే సరిపోయాయి. తర్వాతిదాంట్లో మా అసైన్‌మెంటునే దానికిచ్చి, వచ్చిన జవాబును మమ్మల్నే దిద్దమన్నారు. నా అసైన్‌మెంటుకు అది రాసిన జవాబు బీ గ్రేడుతో పాసైంది. అప్పటి నుంచి పిల్లలే సేకరించిన డేటా మీద, నా ఎదురుగా నిలబడి చెప్పే పద్ధతికి మారాను.

ఒక గోడు కూడా ఉంది. పార్ట్ టైమ్ వాళ్లం ఒక డిస్ట్రిక్టులో, అంటే ఒకే యాజమాన్యం కింద, ఫుల్ టైమ్ పనిలో 67 శాతానికి మించి చెప్పకూడదని చట్టం. అందుకే రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతాం. ఫ్రీవే ఫ్లయర్లని మాకు పేరు. మంచి సెషన్లన్నీ శుక్రవారం మధ్యాహ్నం పెడతారు. ఆ వేళకు నేను ఇంకో కాలేజీలో, నలభై మైళ్ల అవతల ఉంటాను. డబ్బులు కూడా ఫ్లెక్స్ గంటలు కొన్నింటికే ఇస్తారు. ఎ.బి. 705 గ్రూపుకు వెళ్లిన గంటల్లో సగం నా సొంత ఖర్చే.

ఆఫీసు సిబ్బంది సంగతి ఇంకా అన్యాయం. బ్రోచరు మీద "ఫ్యాకల్టీ, స్టాఫ్ అందరికీ" అని ఉంటుంది. కానీ మేము లోపల కూర్చుని ఉంటే అడ్మిషన్ల కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆ ఒకరు ఎప్పుడూ ఒకావిడే. నేను చేరినప్పటి నుంచి చూస్తున్నాను. మేము తిని వదిలేసిన బరీటోలు ఆమె డెస్కు మీదకు వచ్చేవి తప్ప, ఆమె హాల్లోకి రాలేదు.

ఈ ఏడాది ఆగస్టులో మొదటిసారి వచ్చింది. అదీ మాకు చెప్పడానికి. మేము ఒక స్టూడెంటును క్లాసు నుంచి డ్రాప్ చేస్తే కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో నలభై నిమిషాలు చూపించింది. ఫీజుకూ ఖర్చులకూ ప్రభుత్వ సాయం తీసుకుంటున్న పిల్లలు సెమిస్టర్ 60 శాతం పూర్తికాకముందే అన్ని క్లాసుల నుంచీ బయటపడితే, కేంద్రం ఇచ్చిన పెల్ గ్రాంటులో కొంత వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఎప్పటి నుంచి రావడం లేదో మేము సరైన తేదీ వేయకపోతే ఆ లెక్క తారుమారవుతుంది. తర్వాత బాకీ నోటీసు పట్టుకుని ఆ పిల్లలు నిలబడేది ఆమె ఎదుటే. నేను ఇన్నేళ్లూ ఆ తేదీ గడిలో ఏది తోస్తే అది వేస్తూ వచ్చాను. నాలుగోది అదే.

బయటికొస్తూ చూస్తే కౌంటర్ అద్దానికి కాగితం అతికించి ఉంది: "శిక్షణలో ఉన్నాం, 11 గంటలకు తెరుస్తాం."