భుజం మార్పిడి ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఆ మొదటి స్కోరు మీద తేదీ చూడండి

ఎనిమిది నెలల కిందట హైదరాబాద్‌లో ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో మా అమ్మకి ఎడమ భుజం మార్పించాం. ఆసుపత్రి పేరు రాయను, దయచేసి అడగొద్దు. పేరు రాస్తే గొడవంతా ఆ పేరు చుట్టూ తిరుగుతుంది, అసలు సంగతి పక్కకి పోతుంది. పైగా ఇదే పని ఇంకో చోట ఇంకో రంగు ఫైల్లో పెట్టి చెయ్యరని గ్యారంటీ ఏమీ లేదు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, సర్జన్ మీద నాకు ఫిర్యాదు లేదు. కుట్టు చక్కగా మానింది, ఇన్ఫెక్షన్ రాలేదు, రాత్రుళ్ళు అమ్మ నిద్రపోతోంది. నా బాధంతా ఆపరేషన్‌తో పాటు అంటగట్టిన ‘రికవరీ ట్రాకింగ్’ ప్రోగ్రామ్ గురించి, అది చూపించిన మెరుగుదల లెక్క గురించి.

అమ్మకి 71, ఉండేది తెనాలిలో. రొటేటర్ కఫ్ అంటారే, భుజం బంతిని గిన్నెలో పట్టి ఉంచే నాలుగు కండరాల పట్టీ, అది ఎప్పుడో చిరిగిపోయి, కీలు కూడా అరిగిపోయింది. ఇలాంటివాళ్ళకి మామూలు మార్పిడి సరిగ్గా పనిచెయ్యదు, రివర్స్ షోల్డర్ పెడతారు. అంటే బంతి ఉండాల్సిన చోట గిన్నె, గిన్నె ఉండాల్సిన చోట బంతి. అప్పుడు చిరిగిన పట్టీ మీద ఆధారపడకుండా భుజం పైనుండే డెల్టాయిడ్ కండరమే చెయ్యి లేపుతుంది. ఇప్పుడు పెట్టే తరహాని ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ అనే సర్జన్ 1985లో మొదలుపెట్టాడు, అమెరికాలో అనుమతి వచ్చేసరికి 2003 అయింది. మంచి ఆపరేషనే, అందులో అనుమానం లేదు.

ప్యాకేజీ మాట్లాడే రోజున కోఆర్డినేటర్ ఒక రంగుల కాగితం ముందు పెట్టింది. మా పేషెంట్లలో నూటికి 96 మందికి ‘అర్థవంతమైన మెరుగుదల’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆపరేషన్ ఖర్చు కాక ఇంకో 18,000 కడితే 30 ఫిజియో సెషన్లు, యాప్‌లో స్కోరు, చివర్లో రిపోర్టు. అర్థవంతమైన మెరుగుదల అంటే ఏమిటండీ అని అడగాలని నాకు తట్టలేదు. టెన్షన్‌లో ఉన్నాను, ఇన్సూరెన్స్ అప్రూవల్ ఇంకా రాలేదు, అమ్మ కాఫీ కావాలంటోంది. కట్టేశాను.

ఆరు నెలలకి ఫోన్ వచ్చింది. “కంగ్రాట్స్ మేడమ్, అమ్మగారి స్కోరు 12 నుంచి 58కి వెళ్ళింది, 46 పాయింట్లు! ఎక్సలెంట్ కేటగిరీ. గోల్ రీచ్ అయ్యారు కాబట్టి ఫైల్ క్లోజ్ చేస్తున్నాం. అమ్మగారితో ఒక చిన్న వీడియో బైట్ ఇప్పిస్తారా?” అప్పటికి అయినవి 19 సెషన్లే. మిగిలిన 11 సంగతేమిటంటే, గోల్ రీచ్ అయ్యాక అవసరం ఉండదు మేడమ్ అంది. అమ్మని చూస్తే 46 పాయింట్లు బాగుపడిన మనిషిలా లేదు. చీర కట్టుకోవడానికి పక్కింటి పిన్నిని పిలుస్తోంది. చీర చుట్టుకునేటప్పుడు బట్టని నడుం వెనక ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందుకుంటాం కదా, ఆ అందుకోవడం దగ్గర ఆగిపోతోంది.

అప్పుడు రిపోర్టు తెరిచి తీరిగ్గా చదివాను. వాళ్ళు వాడింది అమెరికన్ షోల్డర్ అండ్ ఎల్బో సర్జన్స్ సంఘం వాళ్ళ స్కోరు, ఏఎస్ఈఎస్ అంటారు. మొత్తం 100. నొప్పికి 50, పనులకి 50. నొప్పిని సున్నా నుంచి 10 దాకా మనమే చెప్పాలి, పది లోంచి అది తీసేసి అయిదుతో గుణిస్తారు. పనులకి పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి 3. లెక్క ఇంతే, బ్రహ్మవిద్యేం కాదు. మరి మొదటి స్కోరు 12 ఎలా వచ్చింది? నొప్పి 8, అంటే 10 పాయింట్లు. పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి సున్నా, ఒకదానికి 1. తేదీ చూశాను. ఆపరేషన్ అయిన పన్నెండో రోజు.

ఆ రోజు నాకు బాగా గుర్తు. కుట్లు చూపించడానికి వెళ్ళాం, అమ్మ చెయ్యి స్లింగ్‌లో కట్టి ఉంది. ఆ చేత్తో ఏ పనీ చెయ్యొద్దని గట్టిగా చెప్పి పంపారు. బయట కుర్చీలో కూర్చుంటే ఒక అబ్బాయి ట్యాబ్ పట్టుకొచ్చి, తల దువ్వుకోగలరా, కోటు వేసుకోగలరా, పై అరలో వస్తువు అందుకోగలరా అని గడగడా అడుగుతూ సున్నాలు నొక్కుకుంటూ పోయాడు. చెయ్యి కదపొద్దన్నదీ వాళ్ళే, కదపలేకపోతున్నారని సున్నాలు వేసిందీ వాళ్ళే. ఆ సున్నాల మీద నుంచి కొలిస్తే ఎవరికైనా 46 వస్తుంది. ఫోన్ చేసి అడిగితే, “బేస్‌లైన్ అంటే ప్రోగ్రామ్‌లో జాయిన్ అయిన రోజు మేడమ్” అంది. ఆపరేషన్ వల్ల ఎంత బాగుపడిందో కొలవాలంటే ఆపరేషన్‌కి ముందు కొలవాలి కదమ్మా అంటే, సిస్టమ్ అలా ఉంది మేడమ్!

మా అదృష్టం ఏమిటంటే తెనాలిలో అమ్మకి ఫిజియో చేసే కుర్రాడు ఉన్నాడు, పద్ధతైన పిల్లాడు. ఆపరేషన్‌కి నెల ముందు ఇదే ఫారం తెలుగులో చదివి వినిపించి, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసి, తన పుస్తకంలో పెట్టుకున్నాడు. ఫారంలో బంతిని తల మీదుగా విసరగలరా అనే ప్రశ్న ఒకటి ఉంది. “నేను బంతెవరికి విసరాలిరా నాయనా?” అని అమ్మ నవ్విందట, పక్కన పెన్సిల్‌తో అది కూడా రాశాడు. ఆ కాగితం తెప్పించాను. నొప్పి 6, అంటే 20 పాయింట్లు. పనులకి 30కి 12, దాన్ని 50లోకి మారిస్తే ఇంకో 20. మొత్తం 40.

ఆరు నెలల తర్వాత నొప్పి 3, అంటే 35. పనులకి 30కి 14, అంటే 23 పైచిలుకు. మొత్తం 58, ఇందులో వాళ్ళు తప్పు చెప్పలేదు. కాబట్టి అసలు మెరుగుదల 18 పాయింట్లు. ఆ 18లో కూడా 15 ఒక్క నొప్పి తగ్గడం వల్ల వచ్చినవి. పనుల దగ్గర వచ్చింది మూడు పాయింట్లు మాత్రమే.

ఇక్కడ ఇంకాస్త లోపలికి వెళ్ళి చూడండి. పై అర అందుకోవడం సున్నా నుంచి 2 అయింది. తల దువ్వుకోవడం, ఆ పక్కకి తిరిగి పడుకోవడం ఒక్కో మెట్టు పెరిగాయి. వీపు వెనక్కి చెయ్యి పెట్టడం 1 నుంచి సున్నా అయింది. బాత్రూమ్ పని 2 నుంచి 1కి పడిపోయింది. రివర్స్ షోల్డర్‌లో చెయ్యి పైకి బాగా లేస్తుంది కానీ వీపు వెనక్కి తిప్పడం చాలామందికి సరిగ్గా తిరిగి రాదు, డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. అందులోనూ అమ్మది ఎడమ చెయ్యి. మన ఇళ్ళల్లో ఎడమ చెయ్యి దేనికో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. 71 ఏళ్ళ ఆవిడ ఆ ముక్క కూతురితో చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. మొత్తం స్కోరు మాత్రం పెరిగింది, ఎందుకంటే అక్కడ తగ్గింది ఇక్కడ పెరిగిందాంట్లో కలిసిపోయింది.

సరే, 18 పాయింట్లు ఎక్కువా తక్కువా? దీనికోసం వారం రోజులు రాత్రుళ్ళు కూర్చుని చదివాను. 1989లో కెనడాలో జేష్కే, సింగర్, గయాట్ అనే ముగ్గురు ఒక మాట పెట్టారు: రోగికి తనకే ‘కొంచెం మేలుగా ఉంది’ అనిపించే అతి చిన్న తేడా. దాన్నే ఎంసీఐడీ అంటున్నారు. ఎలా కడతారంటే, ఆపరేషన్ అయినవాళ్ళని మీకెలా ఉందని అడుగుతారు. తేడా ఏమీ లేదన్నవాళ్ళ స్కోరు మార్పు ఎంత, కొంచెం మేలన్నవాళ్ళది ఎంత అని పోల్చి గీత గీస్తారు. అడిగే ప్రశ్న మారితే, అడిగిన జనం మారితే గీత కూడా మారుతుంది. భుజం మార్పిడికి ఏఎస్ఈఎస్ మీద 2017లో తష్జియన్ బృందం 20.9 దగ్గర గీత పెట్టింది. మరుసటి ఏడాది సిమోవిచ్ బృందం 13.6 అంది. మా అమ్మ 18 చూడండి, సరిగ్గా రెండింటి మధ్యలో! ఒక గీత ప్రకారం పాసు, ఇంకోదాని ప్రకారం ఫెయిలు. మనిషి ఒక్కతే, భుజం ఒక్కటే.

ఇవి జనం మీద కట్టిన సగటు లెక్కలు, ఒక్క మనిషి నొసటన అంటించే మార్కులు కావు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ రంగుల కాగితం మీద 96 అని అచ్చేసినవాళ్ళు ఏ గీత వాడారో చెప్పాలి కదా? అడిగితే ఇప్పటికీ జవాబు లేదు. చిన్న గీత పెట్టుకుని, మొదటి స్కోరు స్లింగ్‌లో ఉన్న రోజున తీసుకుంటే, 96 ఏం ఖర్మ, నూటికి నూరు కూడా వస్తుంది. మధ్యలో రావడం మానేసినవాళ్ళని లెక్కలో ఉంచారో తీసేశారో అది కూడా ఎవరూ చెప్పరు.

ఆ ‘అర్థవంతమైన’ అనే మాట దగ్గర కూడా జాగ్రత్త. ఎంసీఐడీ అంటే కనీసం, తేడా తెలిసిందంతే. ‘బాగా మేలైంది’ అనిపించే తేడాకి వేరే గీత ఉంది. అదే సిమోవిచ్ బృందం లెక్కలో అది 31.5. కూరలో ఉప్పు పడిందని తెలియడం వేరు, ఉప్పు సరిపోవడం వేరు. వాళ్ళు చూపించింది మొదటిది, నేను డబ్బు కట్టింది రెండోదనుకుని.

మూడో రకం ప్రశ్న ఒకటుంది, నాకు అన్నిటికంటే అదే నచ్చింది. తేడా లెక్కలన్నీ పక్కన పెట్టి, ఇప్పుడున్నట్టే ఇకముందూ ఉంటే మీకు ఫర్వాలేదా అని నేరుగా అడగడం. అమ్మని అడిగాను. పప్పు గుత్తి పక్కన పెట్టి కాసేపు ఆలోచించి, “సరిపోదే. సర్దుకుంటాలే” అంది. ఏ ఫారంలోనూ ఈ జవాబుకి గడి లేదు.

ఫారాల సంగతి కూడా ఒక ముక్క. ఇంగ్లండ్‌లో వాడే ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోరులో కత్తీ ఫోర్కూ ఒకేసారి వాడగలరా అని అడుగుతారు. అమెరికా వాళ్ళవి బంతులు, కోట్లు. అవి అక్కడివాళ్ళ బతుకులోంచి వచ్చిన ప్రశ్నలు, తప్పేం లేదు. కానీ మన అమ్మలకి దండెం మీద తడి చీర ఆరేయడం, జడో ముడో వేసుకోవడం, గ్రైండర్‌లో పిండి తియ్యడం, చెంబుతో వీపు మీద నీళ్ళు పోసుకోవడం, ఇవి కదా కావాల్సింది.

అందుకని, ఇంట్లో ఎవరికైనా భుజం మార్పించే ఆలోచన ఉంటే అడ్వాన్స్ కట్టేముందే స్కోరు ఫారం అడిగి తీసుకోండి, మీరే కూర్చుని నింపించి, తేదీ వేసి, ఫోటో తీసి పెట్టుకోండి. ఆపరేషన్ తేదీకి ముందున్న కాగితమే అసలు కాగితం. దానికి తోడు మీ మనిషికి కావాల్సిన అయిదారు పనులు విడిగా రాసుకోండి, ఒక్కోదానికీ ఇప్పుడు చెయ్యగలరా లేదా అని. వీడియో తీస్తే కూర్చుని గానీ నిలబడి గానీ, ఎవరూ పట్టుకోకుండా చెయ్యి లేపినప్పుడు తియ్యండి. మాకు పంపిన ‘రికవరీ వీడియో’లో అమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది, కింద నుంచి ఫిజియో చెయ్యి ఆసరాగా ఉంది. బంధువుల గ్రూపులో పెడితే అందరూ దండాలు పెట్టారు, నేను కూడా పెట్టాను, ఏం చెప్పను. సర్జన్‌ని మాత్రం మొహమాటం లేకుండా, వీపు వెనక్కి చెయ్యి వెళ్తుందా, బాత్రూమ్ పని ఏ చేత్తో చేసుకోవాలి అని అడగండి. మేము అడిగి ఉంటే ఇంటికి రాకముందే టాయిలెట్‌లో జెట్ పైపు కుడివైపుకి మార్పించేవాళ్ళం. మొన్ననే మార్పించాం, ప్లంబర్‌కి 650.

ఆరు నెలలకే ఫైల్ క్లోజ్ అంటే ఒప్పుకోవద్దు. మెరుగుదల మొదటి ఆరు నెలల్లో ఎక్కువ వచ్చే మాట నిజమే, కానీ ఏడాది దాకా ఇంకా వస్తూ ఉంటుంది. మేమిప్పుడు తెనాలి కుర్రాడి దగ్గరే మళ్ళీ మొదలుపెట్టాం, వారానికి మూడు రోజులు. పొడుగు తువ్వాలు ఒక కొస కుడి చేత్తో భుజం మీద నుంచి, రెండో కొస ఎడమ చేత్తో నడుం వెనక నుంచి పట్టుకుని మెల్లగా పైకి లాగడం చేయిస్తున్నాడు. ఎడమ బొటనవేలు ఎక్కడిదాకా వస్తే అక్కడ జాకెట్టు మీద సుద్దముక్కతో గీత పెడుతున్నాడు. నెల కిందటి గీతకీ నిన్నటి గీతకీ రెండు వేళ్ళ తేడా ఉంది.

ఆసుపత్రికి రెండు ఫారాలూ జతచేసి, మిగిలిన 11 సెషన్ల డబ్బు వెనక్కి ఇవ్వమని, రిపోర్టులో మొదటి స్కోరు 40గా దిద్దమని మెయిల్ పెట్టాను. 17 రోజులైంది. వీడియో బైట్ ఎప్పుడిస్తారని మాత్రం మొన్న మళ్ళీ ఫోన్ చేశారు.