ట్యూమర్ బ్లాక్ ల్యాబ్‌కి ఇచ్చే ముందు ఇది చదవండి

మెదడు ట్యూమర్ ఆపరేషన్ అయి, బయాప్సీ రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఈ హెచ్చరిక. "కంప్లీట్ ప్రోగ్నోస్టిక్ ప్యానెల్" అంటూ, అంటే జబ్బు ముందుముందు ఎలా ఉంటుందో అంచనా వేసేవంటూ, ఒక ప్రైవేటు ల్యాబ్ మాకు అంటగట్టిన టెస్టుల వల్ల డబ్బు పోయింది సరే, మా బావ కణితి ముక్క (మైనంలో భద్రపరిచిన బ్లాక్) కూడా దాదాపు అయిపోయింది. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ ముక్క కావాలంటే తల మళ్లీ తెరవాలి.

రిపోర్టు చూడ్డానికి మహా దర్జాగా ఉంది. రంగురంగుల గ్రాఫులు, మొదటి పేజీలోనే "ఎంజీఎంటీ పాజిటివ్" (ఎంజీఎంటీ అంటే కణంలో డీఎన్‌ఏ దెబ్బలను బాగుచేసే ప్రోటీన్, దాని జన్యువు పేరూ అదే). అలా ఉంటే టెమోజోలమైడ్ అనే కీమో మందు బాగా పనిచేస్తుందని ఎవరో చెప్పడంతో అక్క ఎంత సంబరపడిందో! క్యాన్సర్ డాక్టరుగారు చూసి, ఇది స్లైడు మీద ప్రోటీన్‌కి రంగు వేసి చూసిన పరీక్ష అన్నారు. ఆ మందు విషయంలో చూడాల్సింది ఎంజీఎంటీ ప్రమోటర్ మిథైలేషన్, అంటే ఆ జన్యువును నడిపించే భాగం మీద పడే రసాయన ముద్ర. అది ఉంటే జన్యువు మూతపడి ఆ ప్రోటీన్ తగ్గుతుంది, మందు కొట్టిన దెబ్బను కణితి సులువుగా బాగుచేసుకోలేదు. ప్రోటీన్ ఉండటం దానికి ఎదురు సూచన. పైగా రంగు పరీక్షకీ మిథైలేషన్‌కీ సరిగా పొంతన కుదరదు కాబట్టి పీసీఆర్, పైరోసీక్వెన్సింగ్ లాంటి, డీఎన్‌ఏని నేరుగా చూసే పద్ధతుల్లోనే చూడాలట.

ఐడీహెచ్ అనే ఇంకో జన్యువు దగ్గర ఇంకా ఘోరం. రంగు పరీక్షలో నెగెటివ్ రాగానే "గ్లయోబ్లాస్టోమా, ఐడీహెచ్ వైల్డ్‌టైప్" అని, అంటే ఆ జన్యువులో మార్పు లేని తీవ్రమైన మెదడు కణితి అని రాసేశారు. ఆ రంగు పట్టేది ఐడీహెచ్1లో ఆర్132హెచ్ అనే ఒక్క మార్పునే. గ్లయోమాల్లో (మెదడులోని ఆధార కణాల కణితుల్లో) కనిపించే ఐడీహెచ్ మార్పుల్లో ఎక్కువ భాగం అదే అయినా, మిగతావి జారిపోతాయి. అందుకే 55 ఏళ్ల లోపువాళ్లకి నెగెటివ్ వస్తే సీక్వెన్సింగ్, అంటే జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష చేయాలి. బావకి యాభై కూడా లేవు. వేరేచోట చేయిస్తే అదే జన్యువులో ఆర్132సీ అనే ఇంకో మార్పు బయటపడింది. 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ ప్రకారం అది గ్లయోబ్లాస్టోమా కాదు, ఐడీహెచ్ మ్యూటెంట్ (మార్పు ఉన్న) ఆస్ట్రోసైటోమా అనే వేరే రకం కణితి. గ్రేడ్ 4 (అన్నిటికన్నా తీవ్రమైనది) అన్నది మారలేదు గానీ, సాధారణంగా దీనితో ఎక్కువ కాలం బతుకుతారు.

ఇక చివరి పేజీలో డబ్బా కట్టి వేసిన "అంచనా జీవితకాలం". నెలల లెక్క! మనిషి ముఖం చూడకుండా ఇలా ఎలా వేస్తారో నాకు అర్థం కాదు. 2005లో అచ్చయిన పేరున్న అధ్యయనంలో, మిథైలేషన్ ఉండి రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్ తీసుకున్న గ్లయోబ్లాస్టోమా రోగుల మీడియన్ 21.7 నెలలు. అంటే సగంమంది అంతకన్నా ఎక్కువే బతికారు, 46 శాతం మంది రెండేళ్లు దాటారు. గుంపు లెక్కను ఒక్కడి నెత్తిన రుద్దకూడదు.

కాబట్టి డబ్బు కట్టేముందు, ప్రతి మార్కర్ (ఎంజీఎంటీ, ఐడీహెచ్ లాంటిది) ఏ పద్ధతిలో చేస్తారో కాగితం మీద రాయించుకోండి. కేఐ-67 (ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయో చూపేది) శాతం ఒక్కటే చూపించి భయపెడితే లొంగకండి, లెక్కపెట్టే మనిషిని బట్టి అది మారుతుంది. ముక్కలో చచ్చిన కణజాలం ఎక్కువుంటే జన్యు పరీక్ష తప్పే ప్రమాదం ఉంది. బతికున్న కణితి ఎక్కడుందో పాథాలజిస్టుతో ముందే గుర్తు పెట్టించండి. మా ల్యాబ్ ఇదేమీ చూడకుండా బ్లాక్‌ని కోసుకుంటూ పోయింది. రిఫండ్ అడిగితే "టెస్టు అయిపోయింది కదా" అన్నారు. మిగిలిన బ్లాకూ స్లైడ్లూ మాత్రం గొడవపడి వెనక్కి తెచ్చుకున్నాం.